గడియ, గుండు, అధికారం: మేడ్చల్ - శామీర్‌పేట ప్రాంత నేపథ్యంలో బోల్ట్ యాక్షన్ రైఫిలు చరిత్ర

వ్యాససంగ్రహం

తక్కువ ఖర్చుతో తయారై, విడిభాగాలను మార్చుకోవడానికి వీలైన బోల్ట్ యాక్షన్ రైఫిలు నేటి ఆయుధ విపణిలో కొత్త సరుకుగా ప్రచారం పొందుతున్నది. అయితే చవక, విడిభాగాల పొందిక అనే ఈ రెండు లక్షణాలు భారతదేశానికి కొత్తవి కావు. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు రూపంలో అవి నూరేళ్ళకు పైగా ఇక్కడ ఉన్నాయి. ఆ పొందికను వాడుకొన్న తీరులోనే ఇక్కడి ప్రత్యేకత కనిపిస్తుంది. వలస ప్రభుత్వం ఆయుధాన్ని మెరుగుపరచడానికి మాత్రమే కాక, దాని శక్తిని తగ్గించి కింది వర్గాలకు ఇవ్వడానికి కూడ ఆ పొందికను సాధనంగా చేసుకొన్నది. కంటోన్మెంటు రైఫిలుకు, పల్లె తుపాకికి నడుమ నిలిచిన హైదరాబాదు ఉత్తర శివారు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ పరిణామాన్ని పరిశీలిస్తుంది. చట్టం, పోరాట చరిత్ర, జానపద కళారూపం అనే మూడింటిలో ఆ పరిణామం వదలిన జాడలను వివరిస్తుంది.

కీలకపదాలు: బోల్ట్ యాక్షన్, లీ-ఎన్‌ఫీల్డ్, భర్మారు, బొల్లారం, ఆయుధ చట్టం, తెలంగాణ సాయుధ పోరాటం, పిట్టలదొర.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాదు నుండి ఉత్తరానికి రెండు ప్రధాన మార్గాలు సాగుతాయి. నాగపూరు వైపు వెళ్ళే రహదారి మీద మేడ్చల్ ఉన్నది. కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేటల మీదుగా శామీర్‌పేట చేరుతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లాలో ఈ రెండు ఊళ్ళూ ఉన్నాయి. ఈ దారులకు దక్షిణపు కొసన రెండు శతాబ్దాల కంటోన్మెంటు ఉంటే, ఉత్తరాన నిన్న మొన్నటి వరకు చెరువులు, చేలు, పశువుల బీళ్ళు ఉండేవి. హకీంపేటలో నేడు వైమానికదళ స్థావరం, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి చెందిన జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీ ఉన్నాయి. అంటే ఆయుధం పట్టే వృత్తి, నాగలి పట్టే వృత్తి పక్కపక్కనే సాగిన నేల ఇది.

ఒకే నేల మీద ఉన్న ఈ రెండు వృత్తులవారికి ఒకే కాలంలో ఒకే రకం తుపాకి అందలేదు. ఎవరి చేతికి ఏ తుపాకి, ఎంత శక్తితో, ఎప్పుడు చేరింది అనే ప్రశ్న సాంకేతిక చరిత్రకు సంబంధించినదిగా పైకి కనిపిస్తుంది. నిజానికి అది పాలకులు ప్రజలను ఎంతవరకు నమ్మారు అనే ప్రశ్న.

2. నేపథ్యం: తోపుల సాంచా నుండి బొల్లారం దాకా

'తుపాకి' అనే మాట తెలుగుకు తురుష్క, పారశీక భాషల నుండి వచ్చింది. 'ఫిరంగి' పాశ్చాత్యులను సూచించే పేరు నుండి ఏర్పడింది. ఈ అన్యదేశ్యాలు తెలుగులో ఎంతగా కలిసిపోయాయంటే, 'తుపాకుల' అన్నది ఇంటిపేరుగా కూడ స్థిరపడింది. హైదరాబాదులో ఆయుధ నిర్మాణానికి ప్రసిద్ధమైన గుర్తు గన్‌ఫౌండ్రీ. రెండవ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్ది చివరి దశకంలో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ప్రజలు దానిని 'తోప్ కా సాంచా' అన్నారు.

1798 సెప్టెంబరులో కుదిరిన సైన్యసహకార సంధి ఈ స్థానిక ఆయుధశక్తికి తెరదించింది. అదే ఏడాది అక్టోబరులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న దళాలను నిరాయుధం చేశారు. 1806లో సికింద్రాబాదు అన్న పేరు వచ్చింది. దానికి ఉత్తరాన ఉన్న బొల్లారం, నిజాం ఖర్చుతో బ్రిటిషు అధికారులు నడిపిన హైదరాబాదు కంటింజెంటుకు కేంద్రస్థానమైంది. సైనికుడు ఇక్కడివాడు, జీతం నిజాంది, ఆజ్ఞ ఇంగ్లీషువాడిది. ఈ అమరికలోని ఉద్రిక్తత 1855 సెప్టెంబరులో బయటపడింది. మొహర్రం ఊరేగింపు విషయమై తలెత్తిన వివాదంలో కంటింజెంటు అశ్వికులు బ్రిగేడియరు కాలిన్ మెకంజీని బొల్లారంలోనే తీవ్రంగా గాయపరచారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కోఠి రెసిడెన్సీ మీద దాడి జరిగింది.

1857 తరువాత బ్రిటిషువారి ఆయుధ విధానం ఒక సూత్రం మీద నడిచింది. భారతీయ సైనికుడి చేతిలోని తుపాకి, ఆంగ్ల సైనికుడి తుపాకి కంటే ఒక తరం వెనుకబడి ఉండాలి. ఎన్‌ఫీల్డ్ తుపాకి గొట్టం లోపల గుండును తిప్పుతూ పంపే మెలి చాళ్ళు ఉంటాయి. గురి తప్పకుండా దూరం కొట్టడానికి అవే ఆధారం. తిరుగుబాటు అణగిన వెంటనే భారతీయ దళాల కోసం అదే ఎన్‌ఫీల్డ్‌ను మెలి చాళ్ళు లేకుండా, నున్నని గొట్టంతో తయారు చేయించారు. పైకి చూస్తే అదే తుపాకి. లోపల మాత్రం దాని చూపు, చేరువ తగ్గిపోయాయి. తరువాత ఆంగ్ల దళాలకు స్నైడర్ అందినప్పుడు భారతీయులకు పాత నమూనాలు మిగిలాయి. వారికి మార్టిని-హెన్రీ వచ్చాక వీరికి స్నైడర్ దక్కింది. వారికి లీ-మెట్‌ఫర్డ్ వచ్చాక వీరికి మార్టిని-హెన్రీ చేరింది.

3. బోల్ట్ యాక్షన్ నిర్మాణం: చవక, పొందిక

బోల్టు అంటే గడియ. పాత తలుపు గడియను పిడి పట్టుకొని పైకి తిప్పి, వెనుకకు లాగి, మళ్ళీ ముందుకు తోసి కిందికి వాల్చినట్లే ఈ రైఫిలు పనిచేస్తుంది. వెనుకకు లాగినప్పుడు కాలిన తూటా గుల్ల బయట పడుతుంది. ముందుకు తోసినప్పుడు మ్యాగజైను నుండి కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. పిడిని వాల్చినప్పుడు గడియ బిగుసుకొంటుంది. 1841లో ప్రష్యా స్వీకరించిన డ్రైజే సూది తుపాకి ఈ పద్ధతికి తొలి సైనిక రూపం. 1871 నాటి మౌజర్ దీనిని లోహపు తూటాకు అనువుగా మలచింది. స్కాట్లండులో పుట్టిన జేమ్స్ పారిస్ లీ 1879లో విడదీయగల పెట్టె మ్యాగజైనుకు పేటెంటు పొందాడు. ఆయన గడియ, మ్యాగజైనుల ఆధారంగా 1888లో లీ-మెట్‌ఫర్డ్, 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చాయి. 1907లో రూపొందిన పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ మూడవ నమూనా భారతదేశంలో ఎక్కువ కాలం నిలిచింది. బెంగాలులోని ఇషాపూర్ రైఫిలు కర్మాగారం దానిని ఇక్కడే తయారుచేసింది. తెలుగువారి నోట 'త్రీనాట్‌త్రీ'గా స్థిరపడినది ఇదే.

ఈ రైఫిలుకు మూడు సుగుణాలు ఉన్నాయి. మొదటిది, ఏ పనిముట్టూ లేకుండా గడియను చేతితో బయటకు తీయవచ్చు. రెండవది, గడియ తల మరచుట్లతో బిగించిన వేరే భాగం. రెండవ ప్రపంచయుద్ధ కాలపు నాలుగవ నెంబరు రైఫిలులో ఈ తల నాలుగు కొలతల్లో లభించేది. అరుగుదలను బట్టి కొలత మార్చితే సరిపోయేది. మూడవది, పది తూటాల మ్యాగజైను. నేడు 'మాడ్యులర్' అని పిలిచే లక్షణానికి ఇది తొలి రూపం. చవకదనం కూడ ఈ పొందిక నుండే పుట్టింది. ఒక భాగం చెడితే మొత్తం తుపాకిని పారవేయనక్కరలేదు.

అయితే పొందికకు ఒక షరతు ఉన్నది. ఒక రైఫిలు గడియను మరొక రైఫిలులో పెట్టి కాల్చడం ప్రమాదకరం. గడియకు, గొట్టానికి నడుమ తూటా కూర్చునే ఎడం సరిగా ఉండాలి. అందుకే గడియ మీద, రైఫిలు మీద ఒకే సంఖ్య చెక్కేవారు. గడియను తీసి వేరొక చోట దాస్తే మిగిలిన రైఫిలు చేతికర్రతో సమానం. విప్పడానికి సులువైన ఆయుధాన్ని అదుపులో పెట్టడం కూడ సులువే.

4. తగ్గించి ఇచ్చిన ఆయుధం

విడిభాగాల పొందికను అధికారం ఎలా వాడుకొన్నదో చెప్పడానికి .410 మస్కెట్టు మంచి ఉదాహరణ. మొదటి ప్రపంచయుద్ధం తరువాతి దశాబ్దాలలో పోలీసుల, జైలు కాపలాదారుల కోసం ఇషాపూర్‌లో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను మార్చారు. మెలి చాళ్ళ గొట్టం స్థానంలో నున్నని గొట్టం వచ్చింది. మ్యాగజైను ఉండవలసిన చోట చాలా వాటిలో చెక్క దిమ్మ బిగించారు. పది తూటాల రైఫిలు ఒంటి తూటా మస్కెట్టుగా మారింది. గడియ అదే, కర్ర అదే, దూరం నుండి చూసేవారికి కలిగే భయమూ అదే. దాన్ని మోసే దేశీయ జవానుకు మాత్రం దాని శక్తిలో కొద్దిభాగమే దక్కింది.

పౌరుల విషయంలో ఇదే పనిని గుండు కొలత చేసింది. 1878లో లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధ చట్టం బ్రిటిషు ఇండియాలో లైసెన్సును తప్పనిసరి చేసింది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో సైనిక కొలత అయిన .303ను పౌరులకు నిషేధించారు. సైనిక శిబిరంలో దొంగిలించిన తూటా పౌరుడి రైఫిలులో పనికిరాకూడదన్నది దీని ఆంతర్యం. దానితో వేట రైఫిళ్ళ కోసం .315 కొలత ప్రచారంలోకి వచ్చింది. ఆస్ట్రియా వారి పాత సైనిక తూటా దీనికి మూలం. ఇంగ్లండులోని బీఎస్‌ఏ సంస్థ లీ గడియతోనే ఈ కొలతలో రైఫిళ్ళు తయారుచేసి ఇక్కడికి పంపింది. స్వాతంత్ర్యానంతరం ఇషాపూర్ కర్మాగారం .315 స్పోర్టింగ్ రైఫిలును కొనసాగించింది. సామాన్య లైసెన్సుదారుడికి దేశంలో అందుబాటులో ఉన్న బోల్ట్ యాక్షన్ రైఫిలు చిరకాలంగా ఇదే.

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. దాని కింద వచ్చిన నియమాలు .303, 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్ళను, .410 మస్కెట్టును నిషిద్ధ కొలతల జాబితాలోనే ఉంచాయి. పాలకులు మారినా కొలత మారలేదు. వలస ప్రభుత్వం తన ప్రజల మీద అనుమానంతో గీసిన గీత స్వతంత్ర దేశపు నిబంధనగా మిగిలింది.

5. ఊరి తుపాకి: భర్మారు

నిజాం రాజ్యం బ్రిటిషు ఇండియా చట్టాలకు వెలుపల ఉన్నా, పల్లెలో ఆయుధ పరిస్థితి భిన్నంగా లేదు. బొల్లారం సైనికుడి భుజాన రైఫిలు ఉన్న రోజుల్లో తెలంగాణ పల్లెకు తెలిసిన తుపాకి భర్మారు. 'భర్' అంటే నింపు, 'మార్' అంటే కొట్టు. ఉర్దూ నుండి వచ్చిన ఈ పేరులోనే దాని పని విధానం ఉన్నది. గొట్టం మూతి నుండి మందు పోసి, పీచు కుక్కి, రవ్వలు వేసి, సలాకతో దట్టించాలి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపితే మందు. కమ్మరి కొలిమి దానికి మరమ్మతు కేంద్రం. ఒకసారి పేల్చాక మళ్ళీ నింపేలోగా ఎదుటివాడు బోల్ట్ రైఫిలుతో పదిసార్లు కాల్చగలడు.

ఈ వ్యత్యాసం తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణాలతో ముడిపడిన విషయమైంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగినప్పుడు ఊరేగింపు చేతుల్లో ఉన్నవి ప్రధానంగా కర్రలు. వడిసెల, కారం, రోకలి పోరాటపు తొలి ఆయుధాలు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన తరువాత దళాలకు భర్మార్లు, ఆ పైన రజాకార్ల నుండి, పోలీసుల నుండి గుంజుకొన్న రైఫిళ్ళు చేరాయి. రైఫిలు చేజిక్కడంతో సమస్య తీరలేదు. భర్మారుకు మందును ఊళ్ళోనే నూరుకోవచ్చు, రైఫిలు తూటాను నూరుకోలేరు. శత్రువు నుండి తెచ్చుకొన్న ఆయుధానికి తిండి కూడ శత్రువు నుండే తెచ్చుకోవాలి. చవకైన రైఫిలు ఖరీదు ఎక్కడ దాగి ఉంటుందో దళాలకు అనుభవంలో తెలిసింది.

ఎదుటి పక్షంలోనూ ఆయుధాల కొరత ఉండేది. రజాకార్లలో ఆధునిక తుపాకులు ఉన్నవారు కొందరే. అధిక సంఖ్యాకులు భర్మార్లు, కత్తులు పట్టినవారే. 1948లో ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుండి విమానాల్లో నిజాంకు ఆయుధాలు చేరవేసిన ఘట్టం ఈ కొరతకు నిదర్శనం. 1948 సెప్టెంబరు 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. తరువాత దళాలు ఎదుర్కొన్నది నిండుగా బోల్ట్ రైఫిళ్ళు, మరతుపాకులు ఉన్న భారత సైన్యాన్ని. 1951 అక్టోబరులో పోరాట విరమణకు దారితీసిన కారణాలు రాజకీయమైనవే. అయినా ఆయుధ బలంలోని ఈ అంతరాన్ని పక్కనపెట్టి ఆ చివరి మూడేళ్ళను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. దళ నాయకురాలు మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. తూటా దొరకని పోరాటంలో మాట తూటా కావలసి వచ్చిందని ఆ పేరును అన్వయించుకోవచ్చు.

6. కట్టె తుపాకి: పిట్టలదొర

రైఫిలును చూసిన తెలంగాణ పల్లె దానిని ఎలా అర్థం చేసుకొన్నదో చెప్పే సాక్ష్యం జానపద కళలో ఉన్నది. పిట్టలదొర, తుపాకీ రాముడు, లత్కోరు సాబు అనే పేర్లతో ప్రసిద్ధుడైన కళాకారుడు ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకితో ఊళ్ళోకి వస్తాడు. తనకు లేని జాగీర్ల గురించి, ఆడని వేటల గురించి, తనను చూసి వణికిన దొరల గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. వినేవాళ్ళు నవ్వుతారు.

ఈ వేషంలో ప్రతి అంశమూ కంటోన్మెంటు నుండి, ఠాణా నుండి తెచ్చుకొన్నదే. ఖాకీ సైనికుడిది, టోపీ దొరది, తుపాకి ఇద్దరిదీ. అది పేలదు. పేలకపోవడంలోనే కళ ఉన్నది. అసలు రైఫిలు ముందు నోరు మెదపలేని ఊరు, కట్టె రైఫిలు ముందు కడుపారా నవ్వుతుంది. చెక్క దిమ్మ బిగించి శక్తి తగ్గించిన మస్కెట్టును ప్రభుత్వం తయారుచేస్తే, మొత్తం చెక్కతోనే చేసిన తుపాకితో పిట్టలదొర ఆ ప్రభుత్వ దర్పాన్ని అపహాస్యం చేశాడు. లైసెన్సు అక్కరలేని, గుండు కొలత లేని, అందరికీ అందుబాటులో ఉన్న ఏకైక రైఫిలు అది. కోతలరాయుణ్ణి 'తుపాకీ రాముడు' అనడం నేటికీ వాడుకలో ఉన్నది.

7. వర్తమానం

1962 యుద్ధానంతరం ఇషాపూర్‌లో అదే పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌ను 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా మార్చి 2ఏ రైఫిలు చేశారు. ఇక్కడ పొందిక ఆయుధాన్ని కాలానికి తగినట్లు మెరుగుపరచింది. .303 పోలీసుల చేతుల్లో మరో అరవై ఏళ్ళ దాకా నిలిచింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దానికి వీడ్కోలు పలికారు. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయింది.

ఇదే కాలంలో ప్రైవేటు రంగం ముందుకు వచ్చింది. ఎమిరేట్స్‌కు చెందిన కారకాల్ సంస్థ సాంకేతిక సహకారంతో ఐకామ్ సంస్థ హైదరాబాదులో నెలకొల్పిన చిన్న ఆయుధాల కర్మాగారం 2024లో ప్రారంభమైంది. దాని ఉత్పత్తుల జాబితాలో సైన్యం, పోలీసుల కోసం ఉద్దేశించిన బోల్ట్ యాక్షన్ స్నైపర్ రైఫిళ్ళు కూడ ఉన్నాయి. తోపుల సాంచా మూతపడిన నగరానికి ఆయుధ నిర్మాణం మరో రూపంలో తిరిగి వచ్చింది. అమెరికాలో 2010ల ఆరంభం నుండి రూగర్ వంటి సంస్థలు తక్కువ ధర బోల్ట్ రైఫిళ్ళను పౌర విపణిలోకి విస్తారంగా తెచ్చాయి. అక్కడ కొనుగోలుదారుడు గొట్టం, పిడి, మీట, మ్యాగజైను తన అవసరాన్ని బట్టి మార్చుకొంటాడు. ఇక్కడ ఆ ఎంపిక సంస్థలది, ప్రభుత్వానిది.

మరి ఉత్తర శివార్ల రైతుకు చట్టం ఏమి ఇచ్చింది? 1959 చట్టం 13(3) నిబంధన పంట రక్షణ కోసం మూతి నుండి మందు నింపే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. అంటే భర్మారే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంటకు ప్రమాదకరమైన జంతువుల విషయంలో అధికారి అనుమతి ఉంటేనే సడలింపు. అడవిపంది చేలో పడినప్పుడు రైతు చేతిలో ఉండదగినదిగా చట్టం మొదటగా గుర్తించిన ఆయుధం నేటికీ పందొమ్మిదవ శతాబ్దిదే.

దీనిని కేవలం అన్యాయంగా చూడటం తొందరపాటు అవుతుంది. ఆయుధాలు విచ్చలవిడిగా ఉన్న సమాజాలు చెల్లిస్తున్న మూల్యం ప్రపంచానికి తెలుసు. ఊరి దొర గడీలో తుపాకి ఉండి పాలేరు చేతిలో లేని కాలాన్ని తెలంగాణ చూసింది. చవకైన ఆయుధం విపణిలోకి వస్తే అది మొదట చేరేది పాలేరు గుడిసెకు కాదన్న వాదనకు కూడ ఆ చరిత్రే ఆధారం. నియంత్రణ అవసరమే. అయితే ఆ నియంత్రణ ప్రజల భద్రతను కొలిచి ఏర్పడిందా, పాలకుల భయాన్ని కొలిచి ఏర్పడిందా అన్నది వేరుగా అడగవలసిన ప్రశ్న. .303, .315, .410 అనే అంకెలు రెండవ దాని వైపే మొగ్గుతున్నాయి.

8. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి. బోల్ట్ యాక్షన్ రైఫిలులోని విడిభాగాల పొందిక భారతదేశంలో రెండు దిశలలో పనిచేసింది. 2ఏ రైఫిలులో ఆయుధాన్ని పైకి తెచ్చింది, .410 మస్కెట్టులో కిందికి దించింది. పౌరుడికి అందిన .315 రైఫిలు సాంకేతిక అవసరం నుండి కాక పాలనా భయం నుండి పుట్టిన కొలత. తెలంగాణ పోరాటంలో రైఫిలు విలువను నిర్ణయించినది దాని ధర కాదు, తూటా సరఫరా. సామాన్యుడు ఈ అసమానతకు ఇచ్చిన సమాధానాలలో పిట్టలదొర కట్టె తుపాకి ఒకటి.

బొల్లారం నుండి శామీర్‌పేట వరకు గల కొద్ది మైళ్ళ దారిలో నున్నని గొట్టం, మెలి చాళ్ళ గొట్టం, కట్టె గొట్టం అనే మూడు చరిత్రలు పక్కపక్కనే నడిచాయి. కర్మాగారాల పత్రాలు మొదటి రెండింటినీ నమోదు చేస్తాయి. మూడవదాన్ని నమోదు చేసే బాధ్యత తెలుగు పరిశోధనది. పిట్టలదొర వేషం వేసే కళాకారులు తగ్గిపోతున్న ఈ కాలంలో వారి మాటల్లోని తుపాకి వర్ణనలను ప్రాంతాలవారీగా సేకరించి, ఆయుధ చరిత్రతో పోల్చి చూడటం చేపట్టదగిన పని.